ఉస్తాద్ గారి చెవులు

మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడతాం. కొత్తగా వచ్చినవాళ్లు మేం పోట్లాడుకుంటున్నామనుకుంటారు. మా అల్లుడు పెళ్లైన కొత్తలో పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోని మా ఇంటికి వచ్చి, కూర ఎలా ఉందని మా అమ్మ అడిగిన తీరుకి కంచం ముందు నుంచి లేచి నిలబడ్డాడు. అమ్మ పోయి నెల దాటింది. చివరి రోజుల్లో మంచం దిగలేకపోయినా గొంతు మాత్రం తగ్గలేదు. మంచినీళ్లడిగితే పక్కవాటా దీదీ కూడా లేచి వచ్చేది. నాన్న పోయి ఎన్నో ఏళ్లైంది, ఇంకెవరికి వినపడాలని ఆ కేకలు అని నేను విసుక్కుంటే, "అలవాటైపోనాది, ఏటి సెయ్యను" అనేది. ఆ అలవాటు మా ఇంటికి ఎందుకొచ్చిందో, దాని వల్ల మా అమ్మా నాన్నల మధ్య ఏం జరిగిందో చెప్పడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. వద్దనవలసిన ఇద్దరూ వెళ్లిపోయారు.

మా నాన్న అప్పన్న పోలీసుల్లో హెడ్ కానిస్టేబుల్. సిక్కోలు వైపు సముద్రం ఒడ్డు పల్లె నుంచి పెళ్లికి ముందే ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాడు. ఆయన పని ఫైరింగ్ నేర్పడం. కొత్తగా చేరిన కుర్రాళ్లకి తుపాకీ ఎత్తి పట్టుకోవడం నుంచి గురి చూసి కాల్చడం దాకా ఆయనే నేర్పేవాడు. పాత కానిస్టేబుళ్లు కూడా ఏడాదికోసారి రేంజ్‌కి వచ్చి, దూరాన నిలబెట్టిన కాగితం టార్గెట్ మీద గుళ్లు తగిలించి పాసవ్వాలి. కొత్తవాడు పాస్ కాకపోతే ఉద్యోగం ఊడినట్టే. అందుకని బెంగాలీలూ, తమిళులూ, రాంచీవాళ్లూ, మనవాళ్లూ అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. బజారుకి వెళ్తే చేపలమ్మేవాళ్లు కూడా ఉస్తాద్ అనే పిలిచేవారు. మా అమ్మ ఒక్కతే "ఏటండీ" అనేది.

మేం అప్పుడు మిన్నీ బే దగ్గర రేకుల కప్పు ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఫైరింగ్ ఉన్న రోజుల్లో నాన్న ఇంకా చీకటి ఉండగానే లేచేవాడు. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఎండుచేప కాల్చుకుని తినేవాడు. కాల్చిన చేప వాసన, ఆయన బెల్టుకి రాసిన పాలిష్ వాసన కలిసి నాకు మెలకువ వచ్చేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు వేరే వాసనతో వచ్చేవాడు. తుపాకీ నూనె, కాలిన మందు, తడి గడ్డి. ఖాకీ బట్టల్ని అమ్మ మిగతా బట్టల్తో కలపనిచ్చేది కాదు. ఎంత ఉతికినా ఆ మందు వాసన చొక్కా భుజాల దగ్గర ఉండిపోయేది. నేను ఆయన ఒళ్లో పడుకున్నప్పుడల్లా అక్కడే ముక్కు పెట్టేదాన్ని. నాన్న వాసనంటే అదే అనుకునేదాన్ని.

ఆదివారాలు మా వరండా నిండా కుర్రాళ్లుండేవారు. గురి కుదరనివాళ్లని నాన్న ఇంటికి పిలిచేవాడు. తుపాకీ ఇంటికి తేకూడదు కాబట్టి అదే బరువున్న చెక్క తుపాకీ ఒకటి వడ్రంగి చేత చేయించుకున్నాడు. కుర్రాడు బోర్లా పడుకుని దాన్ని భుజానికి ఆనించుకుంటే, నాన్న గొట్టం చివర ఒక నాణెం నిలబెట్టేవాడు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు నాణెం పడిపోకూడదు. "నొక్కకు. పిండు. నిమ్మకాయ పిండినట్టు. ఊపిరి సగం వదిలి ఆగు" అని హిందీలోనూ తెలుగులోనూ చెప్పేవాడు. నాణెం పడిపోయిన చప్పుడు మా అందరికీ వినపడేది. నాన్న మాత్రం అది దొర్లుతూ కళ్లకి కనపడ్డాకే "ఫిర్ సే" అనేవాడు. అమ్మ వాళ్లందరికీ ఉప్మా చేసిపెట్టేది. వాళ్లు మా అమ్మకి తెలిసిన హిందీ ముక్కలు రెండే అని ఏడిపించేవారు, ఒకటి "ఆవో", ఇంకోటి "ఖావో". నిజంగానే ఆవిడకి వాటితో సరిపోయేది.

ఆ కుర్రాళ్లలో సింహాచలం అని జంగ్లీఘాట్ జాలరివాళ్ల అబ్బాయి ఉండేవాడు. ఇక్కడే పుట్టాడు. అలల్లో పడవ నడపగలడు, కొబ్బరిచెట్టు చూస్తూండగా ఎక్కేస్తాడు, కానీ తుపాకీ పేలబోయే ముందు కళ్లు మూసేసుకుంటాడు. అమ్మని అప్పా అనేవాడు, అంటే మా వైపు అక్క అని. అందుకని నాకు మావయ్య అయ్యాడు. తండ్రి సముద్రంలో పోయాక తల్లికి వాడొక్కడే ఆధారం. ఒక ఆదివారం నాణెం పదేపదే పడిపోతుంటే వాడు చెక్క తుపాకీ పక్కన పెట్టి కూర్చుండిపోయాడు.

"నా వల్ల గాదు ఉస్తాద్. నాకు బయమేత్తంది. ఒలలు లాగుకుంటాను, ఎల్లిపోతాను" అన్నాడు.

నాన్న వాడి పెదాల వైపు చూశాడు. ఎవరు మాట్లాడినా ఆయన చూపు వాళ్ల నోటి మీదే ఉండేది.

"భయపడితే తప్పేటిరా? తుపాకీ అంటే భయం లేనోడి పక్కన నాను పడుకోను. భయపడు. కళ్లు మాత్రం తెరిచి భయపడు" అన్నాడు.

నాన్నకి వినపడటం తగ్గుతోందని మా ఇంట్లో ఎప్పుడు తెలిసిందో నాకు గుర్తులేదు. తెలియని కాలం నాకు తెలీదు. రేంజ్ మీద కుర్రాళ్లకి చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవారు. ఉస్తాద్ పెట్టుకోకూడదు, ఎందుకంటే అవతల చివరి నుంచి ఎవరేమన్నా ఆయనకి వినపడాలి. అలా వినడం కోసమే తెరిచి ఉంచుకున్న చెవులు, రోజంతా పేలుళ్లు విని విని అరిగిపోయాయి. ఇక్కడి వాన రేకుల మీద పడితే ఇంట్లో మనిషి మాట మనిషికి వినపడదు. అలాంటి వానలో ఒకసారి నాన్న గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. లేచి కిటికీలోంచి చూసి, "అరె, వానొచ్చిందే" అన్నాడు. నేను నవ్వాను. అమ్మ నా వీపు మీద ఒక దెబ్బ వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ నన్ను కొట్టడం అరుదు.

బయటివాళ్ల ముందు అమ్మ కాపు కాసేది. ఎవరైనా ఏదైనా అడిగితే, నాన్నకి ఎదురుగా వచ్చి అదే మాట మళ్లీ గట్టిగా, తనకే అనుమానం వచ్చినట్టు అడిగేది. "ఏటంటన్నారు, రేపు పెరేడ్ ఉందా అంటన్నారా?" అప్పుడాయన జవాబు చెప్పేవాడు. అది చూసి మేమూ నేర్చుకున్నాం. కుర్రాళ్లకీ కొంత తెలుసనుకుంటాను. ఆయన మీద ప్రేమతో వాళ్లూ గొంతు పెంచి, ఎదురుగా నిలబడి మాట్లాడేవారు. అందరూ కలిసి మోస్తున్న గుట్టు అది.

ఆ సంవత్సరం వానలు ముందుగా వచ్చాయి. కొత్తవాళ్ల పరీక్ష దగ్గర పడుతోందని వాన తెరిపిచ్చినప్పుడల్లా ఫైరింగ్ పెడుతున్నారు. రేంజ్ ఊరి బయట, కొండని ఆనుకుని ఉండేది. టార్గెట్ల ముందు ఒక కందకం ఉంటుంది. కొంతమంది కుర్రాళ్లు అందులో దాక్కుని, ఒక వరస కాల్చడం అయ్యాక పైకి వచ్చి టార్గెట్ల చిల్లులకి కాగితం ముక్కలు అతికిస్తారు. వాళ్లు బయట ఉన్నంతసేపూ ఎర్రజెండా ఎత్తి ఉంటుంది. జెండా కనపడకపోతే విజిల్ వేస్తారు. ఆ రోజు కందకంలో సింహాచలం ఉన్నాడు. టార్గెట్ చట్రాన్ని ఆనుకుని నిలబడి కాగితం అతికిస్తుండగా జల్లు అందుకుంది, దూరానికి మనిషికీ చట్రానికీ తేడా తెలియలేదు. తడిసిన జెండా కర్రకి చుట్టుకుపోయింది. నాన్న కొత్త వరసని పడుకోమని చెప్పడం చూసి సింహాచలం విజిల్ వేశాడు. మళ్లీ వేశాడు. నాన్న చెయ్యి దించి "ఫైర్" అన్నాడు.

మొదటి గుండు సింహాచలం మొహం పక్కనున్న టార్గెట్ చట్రానికి తగిలింది. చెక్క పేడు లేచి వాడి చెంపలో దిగింది. వాడు కింద పడటం చూసి కాల్చేవాళ్లే ఆగిపోయారు.

ఇవన్నీ అదే సాయంత్రం వాడి నోటి వెంటే విన్నాం. చెంపకి కట్టు కట్టించుకుని, ఆస్పత్రి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. నాన్న అప్పటికే వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ ఇద్దరికీ చాయ్ ఇచ్చింది.

"నాదే తప్పప్పా" అన్నాడు సింహాచలం. "విజిల్ గట్టిగా ఊదలేదు. వాన హోరులో ఎవుడికినపడతాది? పెద్దసాబుకీ అదే సెప్పినాం. అందరం అదే సెప్పినాం."

అమ్మ వాడి కట్టు వైపు చూసింది, నాన్న వైపు చూసింది. నాన్న చాయ్ గ్లాసు పట్టుకుని, "ఏమంటున్నాడు?" అని అమ్మని అడిగాడు. వాడు ఆయన పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

వాడు వెళ్లాక అమ్మ నాన్నకి ఎదురుగా కూర్చుంది. గట్టిగా మాట్లాడితే పక్క క్వార్టర్‌కి వినపడుతుందని పెదాలు నిదానంగా కదుపుతూ మాట్లాడింది. తప్పుకోమంది. చెవులు బాగాలేవని మీరే వెళ్లి చెప్పండి, మర్యాదగా ఉంటుంది అంది. నాన్న వంగి బూటు తాళ్లు విప్పుకున్నాడు.

"తప్పుకుని ఏం చెయ్యను?" అన్నాడు చివరికి. "గోడౌన్ గేటు దగ్గర కూర్చోబెడతారు. నాకు వచ్చిన పని ఇదొక్కటే."

"ఆడి మొకం సూసినారా?"

"వానే. వాన వల్లే అయింది. ఇకమీద చూసుకుంటాను."

తరవాత రెండు రోజులూ అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మూడోనాడు నాన్న డ్యూటీకి వెళ్లాక నన్ను బడికి పంపలేదు. తల దువ్వి, ఉతికిన గౌను వేసింది. తను గుడికి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఎక్కడికో చెప్పకుండా కొండ మీదకి నడిపించింది. నాన్న పైఅధికారి పెద్దసాబు బంగళా గేటు కనపడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాను సెప్పింది సెప్పినట్టు హిందీలో సెప్పు. కలపకు, తియ్యకు" అంది.

పెద్దసాబు ఉత్తరాది మనిషి. బనియన్ మీద టవలు కప్పుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. ఉస్తాద్ భార్య అని తెలిసి లేచి లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చాడు. అమ్మ కూర్చోలేదు.

"ఆయన సెవులు పోనాయని సెప్పు" అంది.

"పాపా కో సునాయీ నహీ దేతా" అన్నాను.

పెద్దసాబు అమ్మ వైపు చూసి, ఎన్నాళ్ల నుంచి అని నన్నడిగాడు. నేను అడిగితే అమ్మ, "నువ్వు పుట్టినకాణ్ణించీ" అంది. అది చెప్పడానికి నాకు హిందీ చాలలేదు. నా వయసంత అన్నట్టు నా గుండె మీద వేలు పెట్టుకుని చూపించాను. ఆయనకి అర్థమైంది.

"ఆ మాట దాసింది నానే, ఆయన గాదని సెప్పు. కోప్పడితే నన్ను కోప్పడమను. ఉద్యోగం తియ్యొద్దను. ఆ తుపాకుల కాడ మాత్రం నిలబెట్టొద్దను. ఆ పిల్లలు ఒక్కో తల్లికి ఒక్కొక్కడు" అంది అమ్మ. గేటు వైపు ఒకసారి తిరిగి చూసుకుంది. "నాను వచ్చినట్టు ఆయనకి తెలీకూడదను. తెలిస్తే ఆయన మరి మనిషి గాడు."

నేను చెప్పాను. నాకు తోచిన చిన్న చిన్న మాటల్లో చెప్పాను. పెద్దసాబు చివరిదాకా విన్నాడు. తరవాత లేచి అమ్మకి నమస్కారం పెట్టి, "బెహన్‌జీ, ఆప్ ఘర్ జాయియే" అన్నాడు. ఆ మాట నేను తెలుగులోకి మార్చవలసిన పని లేకపోయింది.

తరవాతి వారంలో నేర్పేవాళ్లందరికీ ఆస్పత్రిలో చెవుల పరీక్ష అన్నారు. నాన్నని రేంజ్ నుంచి తీసి గోడౌన్ గేటు దగ్గర వేశారు. ఆయన అనుకున్నట్టే. ఇంటికి వచ్చి, "డాక్టర్లు పట్టేశారు" అని ఒక్క మాట అన్నాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి తిరగలేదు. ఆ తరవాత కొన్నాళ్లు ఆదివారాలు కుర్రాళ్లు వచ్చారు. ఉస్తాద్‌ని చూడ్డానికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక కూర్చుని వెళ్లేవారు. తరవాత కొత్త ఉస్తాద్‌కి అలవాటు పడ్డారు. చెక్క తుపాకీని నాన్న అటక మీద పడేశాడు. ఖాకీ బట్టల్లో మందు వాసన నెమ్మదిగా పోయింది. ఒకరోజు ఆయన చొక్కాకి ముక్కు ఆనిస్తే ఉత్త సబ్బు వాసన వచ్చింది.

సింహాచలం పరీక్ష పాసయ్యాడు. ఆ రోజు రేంజ్ నుంచి తిన్నగా గోడౌన్ గేటు దగ్గరికి పరిగెత్తాడట. సెల్యూట్ కొట్టి, "కళ్లు తెరిసే కాల్సినాను ఉస్తాద్" అన్నాడట. నాన్నకి వినపడక, ఏదో సరుకు కోసం వచ్చాడనుకుని తాళం తియ్యబోయాడట. ఈ సంగతి అమ్మకి ఎవరో చెప్పారు. అన్నం తింటున్నది కంచం అలా వదిలేసి పెరట్లోకి వెళ్లింది.

అమ్మ నాతో తప్ప ఆ విషయం ఎవరితోనూ మాట్లాడలేదు. నాతో కూడా ఏళ్లకి ఒకసారి. "మీ నాన్నకున్న ఒక్క పనినీ నా సేత్తో తీసి అవతల పారేసినాను" అనేది. నాన్న రిటైరై, పూర్తిగా చెవిటివాడై, సాయంత్రాలు మిన్నీ బే ఒడ్డున ఒక్కడూ కూర్చుంటే ఆవిడ దూరం నుంచి చూసేది. దగ్గరికి వెళ్లి కూర్చోవచ్చు కదా అంటే, "ఏ మొకం పెట్టుకుని" అనేది. ఆయనకి వడ్డించేటప్పుడు ఆవిడ చూపు కంచం దాటి పైకి లేచేది కాదు. చిన్నప్పుడు అది భక్తి అనుకున్నాను. పెళ్లై, కాపురం చేసి, పిల్లల్ని పెంచాక అది భయమని తెలిసింది. నాన్న పోయిన రోజున ఆవిడ ఏడవలేదు. దహనం అయ్యాక నా దగ్గరికి వచ్చి, "తెలీకుండానే ఎల్లిపోనాడు గదే?" అని అడిగింది. అవునన్నాను. నాకూ అంతే తెలుసు.

మా అమ్మాయి శ్రావణి ఇప్పుడు పోలీసుల్లోనే సబ్ ఇన్‌స్పెక్టర్. తాత పనిచేసిన రేంజ్‌కే ఏటా వెళ్లి పిస్తోలు కాల్చి పాసై వస్తుంది. ఇప్పుడు కాల్చేవాళ్లకీ నేర్పేవాళ్లకీ అందరికీ చెవుల మీద పెట్టుకునే డొప్పలున్నాయి. ఆజ్ఞలు మైకులో ఇస్తారట, దీపాలు కూడా వెలుగుతాయట. ఏటా చెవులు చూస్తారట. వినపడకపోతే దానికో చికిత్స, లేదంటే గౌరవంగా వేరే పని. ఒకసారి ఆ డొప్పలు ఇంటికి తెచ్చింది. నా తలకి పెట్టుకుని చూశాను. వీధిలో ఆటోల మోత, పక్కింటి టీవీ, అమ్మ కేక, అన్నీ ఎక్కడో నీళ్ల అడుగుకి పోయాయి. ఇంత చిన్న వస్తువు ఆ రోజుల్లో ఒకటి ఉంటే ఒక మనిషి బతుకంతా వేరేగా ఉండేది, ఆ మనిషి భార్య బతుకు కూడా. శ్రావణి, "అచ్ఛా హై నా, అమ్మా?" అని అడగడం పెదాలు చూసి తెలుసుకున్నాను. బాగుందని తల ఊపి తీసేశాను.

కిందటి వారం సింహాచలం మావయ్య వచ్చాడు. ఉద్యోగమంతా చాలా దూరాన రంగత్ వైపే చేసి, అక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై చాలాకాలమైంది. మోకాళ్ల నొప్పులతో అమ్మ కర్మకి రాలేకపోయాడు. బస్సు ప్రయాణానికి ఒళ్లు హూనమైపోయి, గుమ్మంలోకి వస్తూనే కుర్చీ వెతుక్కున్నాడు. అమ్మ ఫోటోకి దండం పెట్టి, మంచినీళ్లు తాగి, కాసేపు పాత ఆదివారాల సంగతులు మాట్లాడాడు. ఉప్మా సంగతీ, నాణెం సంగతీ.

"ఆ తల్లి నా పేనం కాపాడింది పాపా" అన్నాడు ఉన్నట్టుండి. "నువ్వూ ఎల్లినావు గదా తనెనకాల, పెద్దసాబు కాడికి."

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవులు సెప్తారు? ఉస్తాదే సెప్పినాడు. నాకు రంగత్ పోస్టింగొత్తే, ఎల్లే ముందు గోడౌన్ కాడికి ఎల్లినాను, కాళ్లకి దండమెట్టడానికి. అప్పుడు కూకోబెట్టి సెప్పినాడు. ఆ రోజు ఏదో పని మీద కొండ మీదకొత్తంటే, మీరిద్దరూ బంగళా గేటులోంచి రావడం సూసినాడట. 'మా ఇంటిది పచ్చ చీర కట్టుకుని, పిల్లని ఎంటేసుకుని, హిందీ రాని మనిషి, సాబు గుమ్మం ఎక్కిందిరా' అన్నాడు. 'నా నోటితో నేను చెప్పుకోలేకపోయింది ఆవిడ చెప్పింది. ఆవిడ ఎల్లుండకపోతే ఇంకో ఫైరింగ్‌కి నువ్వో, నీలాంటోడు ఇంకోడో పోయుండేవాడు. అప్పుడు నేను బతికుండేవాణ్ణా' అన్నాడు."

"అమ్మతో ఎందుకు అనలేదు, మావయ్యా?"

"నానూ అదే అడిగినాను. 'నాకు తెలుసని తెలిస్తే అది నా మొహం చూడలేకపోద్దిరా, కుంగిపోద్ది. తెలీనట్టే ఉంటాను' అన్నాడు. నన్ను కూడా సెప్పొద్దన్నాడు. నాను సెప్పలేదు." మావయ్య కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "మరి తరవాత ఎప్పుడో మాటల్లో ఆయనే సెప్పేసుంటాడు గదా పాపా? ఇన్నేళ్లు కాపురం సేసినారు. అప్పకి తెలిసే ఉంటాది గదా?"

సమాధానం కోసం ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ముసలివాడు, మాట నిలబెట్టుకున్నవాడు, ఇంకెన్నిసార్లు ఇంత దూరం రాగలడో తెలియదు.

"చెప్పాడు మావయ్యా" అన్నాను. "అమ్మకి తెలుసు."

"అదే అనుకున్నాను" అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, ప్రయాణపు బడలికంతా అప్పుడే తీరినట్టు కళ్లు మూసుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఆయనకి అన్నం పెట్టడానికి కంచం తీశాను. తీసి, దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.